లిఖితపూర్వక ఫోను

బీర, సొర, పొట్ల, కాకర, దొండ. పందిరి వేస్తే తప్ప పైకి రాని కూరలన్నిటినీ ఉద్ధరించడానికి ప్రభుత్వంవారు విజయనగరంలో పెట్టిన సంస్థ పేరు పాదుకూరల అభివృద్ధి మండలి. అది పుట్టిన దగ్గర్నుంచీ ఏ బీరపాదూ దాని మాట విని ఒక్క పిందె ఎక్కువ వేసిన దాఖలా లేదు. అయినా మండలికి ఒక డైరెక్టరు, ఒక సూపరింటెండెంటు, వాళ్ళ కింద గదినిండా సిబ్బంది ఉన్నారు. అందరికీ తలా ఒక ప్రభుత్వ స్మార్ట్‌ఫోను కూడా ఉంది. గొడవంతా ఆ ఫోన్లతోనే వచ్చింది.

సిబ్బందిలో అందరికన్నా జూనియరు మాణిక్యాంబ. ఊరు రాజోలు. భర్త గణపతి అక్కడే మందులకొట్టు నడుపుతాడు. నాలుగేళ్ళ కూతురు సాహితి నాయనమ్మ చేతుల్లో పెరుగుతోంది. మాణిక్యాంబ శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోతుంది, ఆదివారం రాత్రి మళ్ళీ బస్సెక్కుతుంది. మొన్నామధ్య ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే పిల్ల లోపలికి పరుగెత్తి, "నానమ్మా, చుట్టాలొచ్చారు" అని చెప్పింది. ఇంట్లో అందరూ నవ్వారు. మాణిక్యాంబ కూడా నవ్వి, పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది. అప్పట్నుంచీ ఆవిడకు ఒకటే ధ్యాస. రాజోలు ఉపకేంద్రానికి బదిలీ కావాలి.

డైరెక్టరు డాక్టర్ త్రివిక్రమరావుగారు మనిషి మంచివాడే. బొటనవేలు మాత్రం కాస్త లావు. శాఖ మంత్రిగారి మామగారు కాలం చేశారని అధికారుల ఫోన్లన్నిటికీ కబురొస్తే, అందరితోపాటు ఆయన కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టబోయారు. వేలు పక్కకు జారి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా పగలబడి నవ్వుతున్న బొమ్మ మీద పడింది. ఆయన అది చూసుకోకుండా భోజనానికి వెళ్ళిపోయారు. పెరుగన్నంలోకి వచ్చేసరికి మంత్రిగారి పేషీ నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఏం జరిగిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చాక మాత్రం ఒక నిర్ణయానికి వచ్చారు. తప్పు తన వేలిది కాదు, వేలికి అందేలా తయారైన ఫోనుది.

అదే వారంలో ఆయన ఫోను బిగుసుకుపోతే, కాంట్రాక్టు మీద పనిచేసే సాంకేతిక సలహాదారు ఫణీంద్ర దాన్ని ఒక తీగతో కంప్యూటరుకు తగిలించి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఏవో టైపు చేశాడు. ఫోను దానంతటది వెలిగింది.

"ఇదేమిటయ్యా?" అన్నారు డైరెక్టరుగారు.

"కమాండ్ లైన్ సార్. ఫోన్లో లోపాలు వెతకడానికి వాడతాం. ఇక్కడ ఆజ్ఞ రాస్తే అక్కడ ఫోను పాటిస్తుంది. తెర ముట్టుకోనక్కర్లేదు."

"ఏదీ, ఆర్పించు."

ఫణీంద్ర ఒక ముక్క కొట్టాడు. ఫోను ఆరిపోయింది.

"వెలిగించు."

వెలిగింది. డైరెక్టరుగారి కళ్ళు చెమర్చాయి. ఆయన సర్వీసు మొత్తం మీద, ఇచ్చిన ఆజ్ఞను ఎవరైనా సెలవు చీటీ పెట్టకుండా, యూనియన్‌కు చెప్పకుండా, అప్పటికప్పుడు పాటించడం అదే మొదటిసారి.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది.

"మండలి సిబ్బందికి ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: స్పర్శ అనునది క్షణికావేశమునకు లోబడినది. దానికి తేదీ లేదు, సంతకము లేదు, బాధ్యత లేదు. ఆజ్ఞ అనునది లిఖితపూర్వకమైనది. కావున ఇకమీదట ప్రభుత్వ ఫోను తెరను ఏ ఉద్యోగియు, ఏ వ్రేలితోను తాకరాదు. ఫోను చేయవలసిన ప్రతి పనియు సక్రమ మార్గమున, పై అధికారి ఆమోదముతో, ఆజ్ఞ ద్వారా మాత్రమే జరుగవలెను. అతిక్రమించినవారు సస్పెండగుటయే గాక బదిలీకి అర్హత కోల్పోవుదురు."

చివరి మాట చదివి మాణిక్యాంబ రెండు చేతులూ చీర కొంగులో చుట్టేసుకుంది.

ఫోన్లన్నీ సమావేశ మందిరంలోకి చేరాయి. పొడవాటి బల్ల మీద సీనియారిటీ ప్రకారం వరుసగా పడుకోబెట్టి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీగ తగిలించి, తీగలన్నీ ఒకే కంప్యూటరుకు కలిపారు. చూస్తే ప్రభుత్వాసుపత్రి వార్డులా ఉంది. తీరా మొదటి ఆజ్ఞ కొట్టగానే ప్రతి ఫోను తెర మీదా ఒకే ప్రశ్న వచ్చింది: ఈ కంప్యూటరును నమ్మవచ్చునా? కింద "అనుమతించు" అని ఒక బొత్తాం.

"ఇదొక్కసారికి చేత్తో నొక్కాలి సార్" అన్నాడు ఫణీంద్ర. "నొక్కితేగాని అది మన ఆజ్ఞలు వినదు."

ముట్టుకోకుండా పనిచేయించాలంటే ముందు ముట్టుకోవాలి. అధికారులు తలుపులు వేసుకుని చర్చించారు. సూపరింటెండెంటు పట్నాయక్‌గారు నిబంధనల్లో పండినవాడు. ఆయన ఉత్తర్వును కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చదివి, "ఏ ఉద్యోగియు అని ఉంది సార్. ఉద్యోగి కానివారికి అభ్యంతరం లేనట్టే" అని తేల్చారు. అప్పుడు సందులో టీ బడ్డీ నడుపుకునే గవరమ్మను ఆ ఒక్కరోజుకు మాత్రం తాత్కాలిక స్పర్శ నిపుణురాలిగా నియమిస్తూ ఇంకొక ఉత్తర్వు వెలువడింది.

గవరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎక్కడ నొక్కమంటారు బాబూ? బేగి సెప్పండి, పొయ్యి మీద పాలు పెట్టీసి వచ్చీసినాను."

ఆవిడ వరసపెట్టి ఫోన్లన్నీ నొక్కేసి వెళ్ళిపోయింది. ప్రతి తెర మీదా కాస్త పంచదార అంటుకుంది. తుడవడం స్పర్శ కిందికి వస్తుందా రాదా అన్నది తేలనందున పై కార్యాలయాన్ని వివరణ కోరారు. వివరణ రాలేదు గాని చీమలు వచ్చాయి. చీమలు ఉద్యోగులు కారు కాబట్టి ఎవరూ వాటి జోలికి పోలేదు.

ఇక పాలన మొదలైంది. ఆజ్ఞలకు నంబర్లున్నాయి. మోగే ఫోను ఎత్తాలంటే ఐదు, పెట్టేయాలంటే ఆరు, నిద్ర లేపాలంటే ఇరవై ఆరు. ఏ నంబరు కొట్టాలన్నా ఫైలు నడవాలి. ఒకరోజు బొబ్బిలి నుంచి ఒక రైతు ఫోను చేశాడు. బల్ల మీద ఫోను మోగుతుంటే మాణిక్యాంబ గబగబా నోట్ రాసింది: "మోగుచున్న ఫోనునకు ఐదవ నంబరు ఆజ్ఞ జారీచేయుటకు అనుమతి కోరుతూ." పట్నాయక్‌గారు దాన్ని కొర్రీతో వెనక్కి పంపారు: "ఫోను చేయుచున్నది ఎవరు, ఏ విషయమై అన్న వివరములు నోట్‌లో లేవు. వారితో మాట్లాడి, కనుగొని, మరల సమర్పించుడు."

ఆ కొర్రీకి సమాధానం రాసి, ఆమోదం తెచ్చుకుని ఐదో నంబరు కొట్టేసరికి రైతు సొరపాదు పీకేసి మినుములు చల్లుకున్నాడు. మోగని ఫోనుకు "ఎత్తు" అని ఆజ్ఞ వెళ్ళింది. అది అయోమయంగా పాత కాల్స్ పట్టిక తెరిచి చూపించింది. డైరెక్టరుగారు మాత్రం సంతృప్తి చెందారు.

"మన ఫోను ఆజ్ఞ పాటించింది. అవతలివాడు లైన్లో లేకపోవడం అవతలివాడి క్రమశిక్షణా రాహిత్యం" అన్నారు.

మరొకరోజు పట్నాయక్‌గారి ఫోను వేడెక్కి చచ్చినట్టు పడుకుంది. విధి నిర్వహణలో నిద్రించినందుకు సంజాయిషీ ఇమ్మని దానికి మెమో జారీ అయ్యింది. ఫణీంద్ర తల గోక్కుని, "ఫోను తనలో జరిగిందంతా లోపల రాసుకుంటూ ఉంటుంది సార్, అది బయటికి తీస్తాను" అని ఒక ఆజ్ఞ కొట్టాడు. ఇక చూడండి, నల్లటి తెర మీద అక్షరాలు జలపాతంలా దూకాయి. అచ్చు తీస్తే కాగితం బల్ల దిగి, గుమ్మం దాటి, వరండాలో పడి పాకుతూ సైకిల్ స్టాండు దాకా వెళ్ళింది. డైరెక్టరుగారు దాని వెంట నడుస్తూ చదివారు. బ్యాటరీ సహకరించలేదు, నెట్‌వర్కు సమయానికి స్పందించలేదు, ఫలానా విభాగం కోసం ఎదురుచూసి విసిగి విరమించడమైనది. ఎక్కడా తన తప్పని ఒక్క ముక్క లేదు.

"ఇదీ సంజాయిషీ అంటే" అన్నారాయన గద్గదంగా. "మీరెవరైనా ఎప్పుడైనా ఇలా రాశారా?"

ఆ ఏడు స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం ఆ ఫోనుకే వచ్చింది. పట్నాయక్‌గారు కొంత నొచ్చుకున్నారు.

మాణిక్యాంబ ఇవన్నీ తన సొంత ఫోన్లో భర్తకు చెబుతుంటే గణపతి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "నువ్వు మాత్రం వేలు పెట్టకే బాబూ" అనేవాడు చివర్లో. "బదిలీ పోద్ది."

"నేనెందుకు పెడతానండీ. అటేపు చూడటం కూడా మానేశాను" అనేది ఆవిడ.

అంతలో సాధారణ బదిలీలు వచ్చాయి. ఈసారి ప్రభుత్వం అంతా ఫోన్లలోనే పెట్టింది. మండలిలో ప్రతి ఒక్కరి ప్రభుత్వ ఫోనుకూ ఒక పేజీ వస్తుంది. అందులో వాళ్ళకు కేటాయించిన చోటు ఉంటుంది. కింద ఎడమవైపు "సమ్మతం", కుడివైపు "తిరస్కారం". ఆ సాయంత్రం ఐదింటిలోగా సమ్మతం నొక్కనివాళ్ళ చోటు వేరేవాళ్ళకు పోతుంది. మళ్ళీ బదిలీలు ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి.

మాణిక్యాంబ చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చివరకు వెళ్ళి తన ఫోను మీదికి వంగింది. చీమల మధ్య నుంచి "రాజోలు" అని కనిపించింది. ఆవిడకు కాళ్ళు నేల మీద ఆనలేదు. బొత్తాం బెత్తెడు దూరంలో ఉంది. ఎవరూ చూడనప్పుడు నొక్కేస్తే? కాని ఉత్తర్వు అమలు చూడటానికి వేసిన స్పర్శ నిఘా సంఘం రోజూ సాయంత్రం పౌడరు డబ్బాతో వచ్చి తెరల మీద కొత్త వేలిముద్రల కోసం చల్లి చూస్తుంది. దొరికితే రాజోలు ఇక మ్యాపులో చూసుకోవలసిందే. అందుకని ఆవిడ బుద్ధిగా నోట్ రాసి పెట్టింది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, తెర మీద నొక్కినట్టు చేసే ఆజ్ఞకు రెండు అంకెలు కావాలి. అడ్డం ఎంత, నిలువు ఎంత. ఎక్కడ నొక్కాలో ఫోనుకు అలాగే తెలుస్తుంది.

"అడ్డం, నిలువు అంటే కొలతలు" అన్నారు డైరెక్టరుగారు. "కొలతలు అంటే సర్వే. మనం వేలు పెట్టకూడదు. సర్వేయరును పిలిపించండి."

"నేను చెబుతాను సార్, రెండు నిమిషాల పని" అన్నాడు ఫణీంద్ర.

"మీరు కాంట్రాక్టు మనిషి. మీరు చెప్పిన కొలత కోర్టులో నిలబడదు" అన్నారు పట్నాయక్‌గారు.

సర్వేయరు కూర్మారావు భోజనాల వేళకు గొలుసు భుజానేసుకుని దిగాడు. గొలుసు బల్లకన్నా పొడుగు. స్కేలు తెప్పించారు. ఆయన స్కేలు గాల్లో పట్టుకుని, ఒక కన్ను మూసి కొలిచి, హద్దుదారులకు నోటీసులిచ్చామా అని అడిగి, ఇవ్వలేదంటే కాసేపు అలిగి, చివరకు నివేదిక రాశాడు:

"సమ్మతం అను బొత్తామునకు హద్దులు. తూర్పు: తిరస్కారం అను బొత్తాము. పడమర, దక్షిణము: తెర అంచు. ఉత్తరము: బంజరు. సదరు బంజరునకు పైన, తెర ఉత్తరపు గట్టున, స్వచ్ఛంద పదవీ విరమణ అను వేరొక బొత్తాము కలదు."

"అదేంటండీ అక్కడ?" అని అడిగింది మాణిక్యాంబ.

"ఎక్కడికీ వెళ్ళడం ఇష్టంలేనివాళ్ళు అది నొక్కి ఇంటికి వెళ్ళొచ్చమ్మా. మనకు సంబంధం లేదు" అన్నారు పట్నాయక్‌గారు.

కూర్మారావు రెండు అంకెలూ కింద గీత గీసి రాశాడు. "నైరుతి మూల కాడ్నించి పైకి కొలిసినాను సార్. ఏ బూమి సెక్క కొలిసినా నేనలాగే కొలుత్తాను. అంగుళం తేడా రాదు."

ఫైలు డైరెక్టరుగారి సంతకంతో తిరిగొచ్చేసరికి గోడ గడియారం ఐదుకు దగ్గర పడింది. ఫణీంద్ర ఆజ్ఞ కొట్టాడు. కంప్యూటరు ఒప్పుకోలేదు. తీగలకు చాలా ఫోన్లున్నాయి, ఏ ఫోనుకో చెప్పమంది.

"మాణిక్యాంబగారిదే ముందు ఇస్తాను సార్, ఆవిడే నోట్ పెట్టారు" అన్నాడు ఫణీంద్ర.

"జూనియర్‌మోస్టుకు ముందా?" పట్నాయక్‌గారు కుర్చీలోంచి లేచారు. "రేపు ఎవరైనా కోర్టుకెళ్తే? అందరికీ సమ్మతమే కావాలి కదా. ఒకటే ఆజ్ఞ, సీనియారిటీ ప్రకారం, డైరెక్టరుగారి ఫోనుతో మొదలుపెట్టి వరసగా వెళ్ళేలా రాయండి."

ఫణీంద్ర అలాగే రాశాడు. సిబ్బందంతా బల్ల చుట్టూ మూగారు, చేతులు వెనక్కి కట్టుకుని. మాణిక్యాంబ తన ఫోను దగ్గర చివర్న నిలబడింది. ఆజ్ఞ వెళ్ళింది.

డైరెక్టరుగారి ఫోను టింగుమంది. తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి: "మీ స్వచ్ఛంద పదవీ విరమణ దరఖాస్తు చేరింది. రద్దు చేసుకోదలచినచో ఒక నిమిషంలోగా ఇక్కడ తాకండి."

అందరూ ఫణీంద్ర వైపు తిరిగారు.

"సార్" అన్నాడు ఫణీంద్ర నీరసంగా, "ఫోను పైనుంచి కిందికి లెక్కపెడుతుంది. సర్వేయరుగారు కిందినుంచి పైకి కొలిచారు."

"ఆపు" అన్నారు డైరెక్టరుగారు.

"ఆపడానికి ఇంకో ఆజ్ఞ కొట్టాలి సార్."

"దానికి ఫైలుందా?" అని అడిగారు పట్నాయక్‌గారు. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. అదే క్షణంలో ఆయన ఫోను టింగుమంది.

ఫణీంద్ర వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఆమోదంలేని ఆజ్ఞ కొడితే కాంట్రాక్టు పోతుందని మొదటి ఉత్తర్వుకు అనుబంధంలో ఉంది. డైరెక్టరుగారు తన ఫోను మీదికి వంగారు. ఆ లావు బొటనవేలు వెనక నుంచి ముందుకొచ్చి, గాజుకు వెంట్రుకవాసిలో ఆగింది. ఆయన తలెత్తి చూశారు. సిబ్బందంతా చూస్తున్నారు. పౌడరు డబ్బా చేత్తో పట్టుకుని స్పర్శ నిఘా సంఘం చూస్తోంది. గోడ మీద చట్రం కట్టించిన ఉత్తర్వు, కింద తన సంతకం.

"నియమం నియమమే" అన్నారాయన. "రద్దుకు నోట్ పెట్టండి. అర్జెంట్ అని రాయండి."

అందరూ కలాలు తీశారు. టింగు, టింగు, టింగు. సీనియారిటీ బల్ల వెంట దిగుతూ వస్తోంది. వెనక నిమిషాలు అయిపోయిన ఫోన్లు ఒక్కొక్కటే "మీ సేవలకు ధన్యవాదాలు" అని ఆరిపోతున్నాయి. పట్నాయక్‌గారు నోట్‌లో "విషయము" అని రాసి గీత గీస్తుండగా ఆయన నిమిషం ముగిసింది.

మాణిక్యాంబ పక్క ఫోను టింగుమంది. ఇక తనదే. ఆవిడకు పై అధికారులు కనబడలేదు, పౌడరు డబ్బా కనబడలేదు. గుమ్మంలోంచి లోపలికి పరుగెడుతున్న పిల్ల వీపు ఒక్కటే కనబడింది. తీగ పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఫోను చేతిలోకి వచ్చింది. చీమల్ని ఊదేసి, కళ్ళు మూసుకోకుండా, చూసి మరీ, సమ్మతం మీద వేలు నొక్కింది.

"మాణిక్యాంబగారూ" అన్నారు పట్నాయక్‌గారు, "మీరు తెరను తాకారు."

"తాకానండి" అంది ఆవిడ. ప్రాణం హాయిగా ఉంది.

ఆవిడ మీద మెమో రాయడానికి పట్నాయక్‌గారు కాగితం లాక్కున్నారు. కాని ఎవరి హోదాలో సంతకం పెట్టాలో ఆయనకు తెలియలేదు.

ప్రభుత్వం చాలా సంతోషించింది. ఖర్చు తగ్గించే దారి వెతుక్కుంటున్న రోజులు అవి. లిఖితపూర్వక ఆజ్ఞతో, సర్వే నివేదికతో, శాఖాధిపతి సంతకంతో, సీనియారిటీ తప్పకుండా వచ్చిన విరమణ దరఖాస్తులు ఇంతకుముందెన్నడూ చూడలేదని మెచ్చుకుంటూ అన్నిటినీ ఒక్క దెబ్బలో ఆమోదించింది. పొరపాటు జరిగిందని డైరెక్టరుగారు వెళ్ళి మొరపెట్టుకుంటే, "స్పర్శ అయితే పొరపాటు కావచ్చును గాని, ఆజ్ఞలో పొరపాటు ఉండదని మీరే రాశారు కదండీ" అని ఉత్తర్వు కాపీ చేతిలో పెట్టారు.

మాణిక్యాంబ బదిలీ కాగితం కూడా వచ్చింది. అయితే బదిలీ అయినవాళ్ళు వెళ్ళాలంటే పై అధికారి రిలీవ్ చేయాలి. పై అధికారి లేడు. ఆవిడ ఖాళీ కార్యాలయంలో కాసేపు బిక్కమొహం వేసుకుని కూర్చుంది. తర్వాత నిబంధనల పుస్తకం తిరగేసింది. అధికారి లేనప్పుడు ఉన్నవారిలో సీనియరు ఇన్‌ఛార్జిగా వ్యవహరించాలని ఉంది. ఫణీంద్ర కాంట్రాక్టు మనిషి కాబట్టి లెక్కలోకి రాడు. ఉన్నవారిలో సీనియరు తనే. జూనియరూ తనే.

ముందు తన సీట్లో కూర్చుని, తనను రిలీవ్ చేయవలసిందిగా ప్రార్థిస్తూ దరఖాస్తు రాసింది. ఫైలు పట్టుకెళ్ళి సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుని, "పరిశీలించడమైనది, సిఫారసు చేయడమైనది" అని రాసింది. మళ్ళీ లేచి డైరెక్టరు గదికి వెళ్ళి, అలవాటు కొద్దీ తలుపు తట్టి, లోపలికి పోయి ఆ తిరిగే కుర్చీలో కూర్చుంది. ఒక చుట్టు తిరిగింది. ఎవరూ లేరని రూఢి చేసుకుని ఇంకో రెండు చుట్లు తిరిగింది. తర్వాత "ఆమోదించడమైనది" అని సంతకం పెట్టి, కార్యాలయానికి తాళం వేసి బస్టాండుకు నడిచింది.

రాజోలులో దిగేసరికి గణపతి కొట్టు తెరుస్తున్నాడు. భార్యను చూసి తాళాలు చేతిలోంచి జారవిడిచాడు.

"ఇదేంటే, మంగళారం వచ్చావు? మళ్ళీ ఎప్పుడెళ్ళాలి?"

తండ్రి వెంట కొట్టుకొచ్చిన సాహితి అప్పటికే తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడుతోంది. మాణిక్యాంబ పిల్లను ఎత్తి చంకనేసుకుంది.

"రమ్మని పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదండి" అంది.